పడమటి గోడ

పులివెందులలో రాజమ్మగారి ఆసుపత్రి పడమటి గోడ మొదటిసారి చప్పుడు చేసిన రోజు నేను అక్కడ లేను. ప్రొద్దుటూరులో మా షెడ్డులో కూర్చుని ఇంకో పనికి కొలతలు రాసుకుంటున్నాను. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం మూడు దాటింది. ఖలీల్ బావ ఫోన్ చేసి, రొంతసేపు మాట్లాడకుండా వినమని చెప్పి, ఫోన్‌ను గోడ వైపు తిప్పాడు. రోడ్డు మీద బండ్ల మోత, ఎవరో దగ్గిన చప్పుడు, వాటి మధ్యలో ఒక 'టప్'. కాసేపటికి మరొకటి. పొయ్యి మీది నుంచి దించిన బాణలి ఆరేటప్పుడు అట్లాగే చప్పుడు చేస్తుంది.

అదేమిటని అడిగాను. బావ నవ్వాడు. కొత్త పని కదా, రేకు ఒళ్లు విరుచుకుంటోంది, నాలుగు రోజులకు సర్దుకుంటుందన్నాడు. నేనూ నవ్వి ఫోన్ పెట్టేశాను. కానీ ఆ తర్వాత ఒక్క కొలత కూడా సరిగా రాయలేకపోయాను.

మా నాయన సిరాజుద్దీన్‌ను ఊళ్లో రేకుల సిరాజ్ అంటారు. ముప్పై ఏళ్లుగా కోళ్ల షెడ్లకూ, శనగ గోదాములకూ, కలమల్లలో కరెంటు ఫ్యాక్టరీ పనివాళ్ల ఇళ్ల ముందు బండ్లు నిలుపుకునే పంచలకూ ఆయనే రేకులు చేసి కప్పాడు. నాలుగైదేళ్ల నుంచి పెద్ద కంపెనీల రంగు రేకులు ప్రతి సిమెంటు అంగట్లోనూ దొరుకుతున్నాయి. మా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గారు. అందుకని నాయన ఎలివేషన్ పనిలోకి దిగాలనుకున్నాడు. అల్యూమినియం రేకును పెట్టె మూతలా నాలుగు వైపులా మడిచి, ఆ ప్యానెళ్లను భవనాల ముఖాలకు వరసలుగా తగిలించే పని. ఇన్నేళ్లూ ఇండ్లకు టోపీలు పెట్టినాం, ఇంక మొగాలకు సోకు చేస్తామని అందరితో చెప్పుకునేవాడు.

మడత మిషన్ కోయంబత్తూరు నుంచి వచ్చింది. పని తెలిసిన మనిషి కువైట్ నుంచి వచ్చాడు. ఖలీల్ బావ మా తహసీన్ అక్క భర్త. పదకొండేళ్లు అక్కడ పెద్ద పెద్ద మేడలకు అద్దాలూ రేకులూ బిగించాడు. రెండేళ్లకోసారి వచ్చి నలభై రోజులుండి పోయేవాడు. మా ఇంట్లోనే పెరుగుతున్న వాళ్ల పిల్లలిద్దరికీ నాన్న అంటే ఫోన్లో కనిపించే ముఖమే. ఈ పని నిలబడితే ఇక పోనని అక్కకు మాటిచ్చి డిసెంబరులో వచ్చేశాడు. అప్పటి నుంచి అక్క గిన్నెలు తోముతూ కూనిరాగాలు తీస్తుంటే మా అమ్మ మాబున్ని వినీ విననట్టు వెనక్కి తిరిగి నవ్వుకునేది. డ్రాయింగులకు నేనున్నాను. ఇడుపులపాయలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ఏడాదిగా ఉద్యోగాల పరీక్షలు రాస్తూ ఇంట్లోనే ఉన్నాను.

మొదటి పెద్ద పని రాజమ్మగారు ఇచ్చారు. ఆమెది పెద్దముడియం దగ్గర శనగ పండించే పెద్ద సేద్యం. జమ్మలమడుగులో ఉంటారు. కాన్పుల డాక్టరయిన కూతురు రాధిక కోసం పులివెందులలో మూడంతస్తుల ఆసుపత్రి కట్టిస్తున్నారు. ఆమె గోదాముకు ఇరవై ఏళ్ల కిందట రేకులు కప్పింది నాయనే. ఒక్క చుక్క కారలేదన్న నమ్మకంతో మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు.

ఫిబ్రవరిలో నమూనా చూడటానికి షెడ్డుకు వచ్చారు. నాలుగు ప్యానెళ్లు గోడకు బిగించి చూపించాం. ఆమె ఎంచుకున్న ముదురు బూడిద రంగే. ఒక్కొక్కటి పన్నెండడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. లోహం ఎండకు సాగుతుంది కాబట్టి రెండింటికీ మధ్య పన్నెండు మిల్లీమీటర్లు సందు వదిలాను. రాజమ్మగారు దగ్గరికి వచ్చి ఆ సందులో వేలు పెట్టి చూశారు.

"ఏందప్పా సిరాజూ ఇది, పండ్లెడంగా ఉన్న మనిషి నవ్వినట్ల ఉండాది? దగ్గిరికి రానియ్" అన్నారు.

నాయనకు మొదటి నుంచీ ఆ సందులంటే గిట్టదు. ముప్పై ఏళ్లు సందు లేకుండా కప్పినందుకే ఆయనకు పేరు వచ్చింది. వెంటనే నా వైపు తిరిగాడు. "నాలుగుకు తెస్తే సరిపోతాదా అమ్మీ?"

ఒక పని గురించి, పదిమంది ముందర, మా నాయన నన్నడిగిన మొదటి ప్రశ్న అది. బల్ల దగ్గరికి పోయి పది నిమిషాలు లెక్క వేశాను. మా వైపు తెల్లవారుజామున ఎంత చల్లగా ఉంటుందో, మధ్యాహ్నానికి ఎంత వేడెక్కుతుందో చూసి, ఆ తేడాను పొడవుతో హెచ్చించాను. రేకు సాగేది రెండు మిల్లీమీటర్లు కూడా రాలేదు.

"సరిపోతాది నాయనా" అన్నాను.

మార్చి అంతా రంజాన్. ఉపవాసాల వల్ల బావా పనివాళ్లూ తెల్లవారుజామున సహరీ తిని నేరుగా గోడెక్కి, ఎండ ముదరకముందే దిగేసేవాళ్లు. పడమటి గోడే రోడ్డు వైపు ముఖం. వరసకు ఎనిమిది ప్యానెళ్లు, పదిహేడు వరసలు. పండగ నాటికి గోడంతా నిండింది. పండగ మరునాడు నాయన మమ్మల్నందరినీ కారు మాట్లాడుకుని తీసుకుపోయి చూపించాడు. అక్క రోడ్డుకు అవతల నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు తల పైకెత్తి చూసింది. ఇది నువ్వు చేసిందేనా అని బావను అడిగింది. మూడో అంతస్తు మూల చూపించి, అది బిగించిన రోజే సేమ్యా పంపమని నేను నీకు ఫోన్ చేసినా అన్నాడు బావ.

చప్పుడు నాలుగు రోజులకు సర్దుకోలేదు. ఏప్రిల్ చివరకు రోజూ రెండింటి నుంచి పొద్దు వాలేదాకా వినిపించేది. మే మొదటి వారంలో ఎండ నలభై మూడు దాటింది. ప్యానెళ్లు మధ్యలో ఉబ్బుతున్నాయని రాధిక ఫోన్ చేసింది. లోపల రంగుల పని జరుగుతోంది కాబట్టి ఆమె రోగులను కింది గదిలోనే చూస్తోంది. వచ్చినవాళ్ల కోసం బెంచీలు బయట, పడమటి గుమ్మం పక్కనే, పైన నీడకు గుడ్డ కట్టి వేయించింది. గోడకు కూడా నెలలు నిండుతున్నట్టున్నాయని ఒక గర్భిణి అన్నదట. రాధిక నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం 'బెంచీలు' అన్న మాట దగ్గరే చెవి ఆగిపోయింది.

బావ పోయి చూసి వచ్చాడు. పైకి ఉబ్బు కనపడుతున్నా కొక్కేలు పట్టుకునే ఉన్నాయన్నాడు. ఒక్కో ప్యానెల్ వెనకా ఆరు కొక్కేలుంటాయి, గోడకు బిగించిన పట్టీలకు అవి తగులుకుంటాయి. కానీ గోడ మీద ఉన్న ప్యానెల్ వెనక్కి ఎవరూ తొంగి చూడలేరు. పట్టుకునే ఉన్నాయని బావ ఎట్లా చెప్పగలిగాడో నేను అడగలేదు.

మరుసటి రోజు పరీక్ష దరఖాస్తు పని ఉందని ఇంట్లో చెప్పి బస్సెక్కాను. ఇడుపులపాయకు పోయి, మా వర్క్‌షాప్ సారును అడిగి, దూరం నుంచే వేడి కొలిచే యంత్రం ఒక్క పూటకు తెచ్చుకున్నాను. మూడుంపావుకు పులివెందులలో పడమటి గోడ ఎదురుగా నిలబడి దాన్ని ప్యానెల్ వైపు పెట్టాను.

డెబ్బై తొమ్మిది.

యంత్రం చెడిందేమోనని పక్క ఇంటి సున్నం గోడ మీద పెట్టి చూశాను. యాభై కూడా లేదు. మళ్లీ బూడిద రంగు మీద పెట్టాను. డెబ్బై తొమ్మిది. అప్పుడు అర్థమైంది. ఫిబ్రవరిలో నేను లెక్కలో పెట్టింది గాలి వేడి. పడమటి ఎండలో ముదురు రంగు రేకు ఎంత కాగుతుందో నేను చూసుకోలేదు. పైగా బిగించిందంతా తెల్లవారుజామున, రేకు బాగా ముడుచుకుని ఉన్న వేళ. ఫోన్లో మూడుసార్లు లెక్క వేశాను. ఒక్కో ప్యానెల్ దాదాపు ఐదు మిల్లీమీటర్లు సాగుతోంది. మేం వదిలిన సందు నాలుగు. ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. రోజూ మధ్యాహ్నం తోసుకోవడం, రాత్రికి వెనక్కి తగ్గడం. ప్రతి 'టప్'కూ వెనక ఏదో ఒక కొక్కెం అంతో ఇంతో జరుగుతోందన్నమాట.

బెంచీల మీద పదిమంది దాకా ఆడవాళ్లున్నారు. ఒకామె ఫైలుతో విసురుకుంటోంది. ఒకామె తల వెనక్కి వాల్చి, గోడ కిందనే కునుకు తీస్తోంది. ఆమెను లేపి పక్కకు జరగమని చెప్పాలనిపించింది. ఎందుకు అంటే ఏం చెప్పాలి? నేను ఎవరినని చెప్పాలి? ఏమీ చెప్పకుండా బస్టాండు వైపు నడిచాను.

నాలుగు రోజులు నేను ఎవరికీ చెప్పలేదు. ఆ నాలుగు రోజులూ నా పని ఒక్కటే, గాలి చూడటం. దండెం మీద చీర కొంచెం ఎగిరితే చాలు, ఫోన్ తీసి పులివెందులలో గాలి ఎంత ఉందో చూసేదాన్ని. మే నెలలో మా వైపు సాయంత్రాలు ఉన్నట్టుండి గాలివాన లేస్తుంది. అమ్మ నాకు వడదెబ్బ తగిలిందనుకుని మజ్జిగ తాగించింది. అక్క నా పక్కన కూర్చుని, బావ కొత్త డ్రస్సులు కుట్టించుకుంటానంటున్నాడనీ, పిల్లలను జూన్‌లో మంచి బడిలో వెయ్యాలనీ చెబుతుంటే నేను తలూపుతూ ఉండేదాన్ని. ఆ మాటల్లో సగం నాకు వినపడలేదు. మిగతా సగం వినలేకపోయాను.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి నాయనా బావా భోజనానికి కూర్చున్నారు. చెప్పేశాను. ఎట్లా మొదలుపెట్టానో గుర్తులేదు. డెబ్బై తొమ్మిది అన్న అంకె మాత్రం రెండుసార్లు చెప్పినట్టు గుర్తు.

నాయన ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. బావే ముందు మాట్లాడాడు. ఇంకొక్క నెల ఓర్చుకుంటే వానలు పడతాయని, గోడ చల్లబడ్డాక నిదానంగా వరస తర్వాత వరస సరిచేయవచ్చని, ఎవరికీ తెలియాల్సిన పని లేదని చెప్పాడు. జూన్ పన్నెండున ఆసుపత్రి ప్రారంభం ఉంది. దానికి వచ్చే డాక్టర్లూ కాంట్రాక్టర్లూ ఆ గోడ చూసే మాకు తర్వాతి పనులివ్వాలి. కువైట్‌లో కూడా ఇట్లాంటివి జరిగాయన్నాడు. అన్నీ చెప్పాక కంచం వైపే చూస్తూ, "ఇప్పుడు చెప్తే, గోడతో పాటు నేను గూడా దిగి మళ్లా విమానం ఎక్కాల" అన్నాడు. కోపంగా అనలేదు.

అక్క పప్పు వడ్డిస్తోంది. గరిటె గిన్నెలోనే పెట్టేసి లోపలికి పోయింది.

"వాళ్లు కూసునేది దాని కిందనేనా?" అని అడిగింది అమ్మ.

అవునన్నాను. అమ్మ గరిటె తీసుకుని మిగతాది తనే వడ్డించింది. నాయన రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. ప్రతి శుక్రవారం భోంచేసి ఒక కునుకు తీసే మనిషి, ఎండలో తువ్వాలు నెత్తిన వేసుకుని షెడ్డుకు వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున నేను పోయేసరికి షెడ్డు నేల మీద ఎనిమిది కర్ర పట్టీలు వరసగా పేర్చి, వాటి ముందర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒకదాన్ని తోసి చూస్తున్నాడు, మళ్లీ వెనక్కి జరుపుతున్నాడు. నూట ముప్పై ఆరూ మళ్లీ కొత్తగా చెయ్యాలా అని అడిగాడు. రాత్రంతా నేను అనుకుంటూ భయపడింది అదే. మడిచిన ప్యానెల్ అంచును కొంచెం కోసి తగ్గించడం కుదరదు. చెయ్యాల్సిందే అన్నాను.

"అన్నీ ఎందుకుమ్మీ? వరసలో కడాదొక్కటి కురచగా చేస్తే మిగతా ఏడూ జరుపుకోవచ్చు గదా" అంటూ చివరి పట్టీని తీసి, కొంచెం పొట్టిది పెట్టి, మిగతావాటిని వేలితో ఒక్కొక్కటే ఎడం చేశాడు.

అంత చదువు చదివి నాకు తోచలేదు. ఏడు సందులు, ఒక్కొక్కటీ ఎనిమిది మిల్లీమీటర్లు పెరగాలి. యాభై ఆరు మిల్లీమీటర్లు కురచగా పదిహేడు ప్యానెళ్లు చేస్తే చాలు. అయినా గోడంతా విప్పాలి, వెనకున్న పట్టీలన్నీ జరిపి బిగించాలి. మూడు వారాల పని. నాయన ఆ లెక్క నా చేత మళ్లీ వేయించాడు. తర్వాత, మొహం కడుక్కుని రమ్మని, జమ్మలమడుగు పోదామన్నాడు. బావ వస్తాడా అని అడిగాను. వాణ్ని ఈ మాటలకు పిలవద్దన్నాడు.

రాజమ్మగారి వసారాలో మామిడికాయలు కొడుతున్నారు. ఇద్దరు ఆడవాళ్లు కత్తిపీటల ముందున్నారు, ఆమె పక్కన కూర్చుని ముక్కల్లోంచి జీడి తీసేస్తున్నారు. నాయన నులక మంచం అంచున కూర్చుని, చల్లటి వేళ బిగించిన రేకు గురించి, పడమటి ఎండ గురించి, చుట్టూ తిరిగి చెప్పుకొచ్చాడు. రాజమ్మగారు చేతిలో పని ఆపకుండా విన్నారు. గాలివాన వస్తే ఒకటో రెండో ప్యానెళ్లు ఊడిపడే భయముంది అన్నప్పుడు మాత్రం చెయ్యి తుడుచుకున్నారు.

"ఎవురు చేసినారప్పా ఈ తప్పు?"

"నేనేనక్కా" అన్నాడు నాయన.

"కాదు పెద్దమ్మా," అన్నాను. "లెక్క నేనేసినా. గాలి వేడి చూసినా, రేకు వేడి చూసుకోలేదు."

నాయన నా వైపు చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి ఇంకో భుజం మీద వేసుకున్నాడు. కత్తిపీటల చప్పుడు ఆగింది. రాజమ్మగారు నా వైపు తిరిగారు.

"సందు తగ్గియ్యమనింది నేను. నాకేం తెలుసు, నేను అడుగుతా. తెలిసినదానివి నువ్వు కాదనాల గదమ్మీ" అన్నారు.

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. ఫోన్ తీసి కూతురితో మాట్లాడారు. బెంచీలు ఇప్పుడే తూర్పు వాకిలికి మార్పించమనీ, పడమటి గేటుకు తాళం వేయమనీ, ప్రారంభం వెనక్కి పోతుందనీ చెప్పారు. అటువైపు రాధిక ఏదో అంటే, "చెప్పింది చెయ్యి ముందు, కారణం తర్వాత చెప్తా" అని పెట్టేశారు. మా సొంత ఖర్చుతో చేసిస్తామని నాయన చెప్పాడు. మరి ఎవరి ఖర్చుతో చేస్తావప్పా అని అడిగి, మళ్లీ మామిడి ముక్కల వైపు తిరిగారు.

నాలుగో రోజు, పరంజా కర్రలు ఇంకా పులివెందుల చేరకముందే, గాలివాన వచ్చింది. సాయంత్రం ఐదింటికి పడమర ఎర్రగా దుమ్ము లేచింది. కాసేపటికి మా షెడ్డు పైకప్పే గడగడలాడటం మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్న అంగడి బోర్డు ఊడి రోడ్డు మీద దొర్లింది. నాయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నేను రాధికకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, తియ్యడం లేదు. తర్వాత మోగడం కూడా ఆగిపోయింది. తూర్పు వాకిట్లో చోటు చాలక ఎవరైనా పడమటి వైపు వచ్చి ఉంటారేమో, తాళం వెయ్యడం మరిచిపోయి ఉంటారేమో అని ఒకటే ఆలోచనలు. బావ మిషన్ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. గంట తర్వాత రాధికే చేసింది. వేపచెట్టు కొమ్మ విరిగి కాంపౌండు గోడ మీద పడిందట. కరెంటు లేదట. పడమటి గోడకు ఏమీ కాలేదట.

"పడలేదు" అన్నాడు బావ, నెమ్మదిగా. ఎవరితోనూ అనలేదు. కానీ ఆ మాట ఆ రాత్రంతా మా ఇంట్లో తిరుగుతూనే ఉంది. అక్క ఆ మాట విని నా వైపు చూసింది, ఒక్కసారే. పడలేదు కదా, మరి ఎందుకు చెప్పినావు అని ఆ చూపులో ఉన్నట్టు నాకు తోచింది. ఆ రోజు నుంచి అక్క నాతో మాట్లాడటం మానేసింది.

పొద్దున్నే రాజమ్మగారి ఫోన్ వచ్చింది. నాయన స్పీకరు పెట్టాడు. అంత గాలికే నిలబడింది కదా, ముహూర్తం ఉండనే ఉంది, ఇంక వదిలేయరాదా అని ఆమె అడిగారు. ఇంట్లో అందరం నాయన ముఖమే చూస్తున్నాం. ఇప్పుడు ఒప్పుకుంటే తప్పేముంది, సరేనంటే బాగుండునని నాకూ అనిపించింది. అనిపించలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి?

"తెలియనప్పుడు వేరేనక్కా" అన్నాడు నాయన. "తెలిసినాక నేను వదిలెయ్యలేను."

రెండు రోజులకు పరంజా లేచింది. పైనుంచి విప్పుకుంటూ వచ్చారు. మొదటి మూడు రోజులూ దింపిన ప్రతి ప్యానెల్‌కూ కొక్కేలన్నీ గట్టిగానే ఉన్నాయి, అక్కడక్కడ కొంచెం వంగాయంతే. దించినవాటికి నంబర్లు వేయడం నా పని. ఒక్కొక్కటీ గట్టిగా దిగుతున్నకొద్దీ నేను తల వంచుకుని నంబర్లు వేశాను. పనివాళ్లు బావ ముఖం చూస్తున్నారు, బావ పని చూస్తున్నాడు.

నాలుగో రోజు గుమ్మానికి సరిగ్గా పైన ఉన్న వరసకు వచ్చారు. బావ మధ్య ప్యానెల్ కింద చెయ్యి పెట్టి ఎత్తాడు. అట్లాగే ఉండిపోయాడు. తర్వాత కిందికి చూసి, "మామా, పైకి రా" అని పిలిచాడు. యాభై ఎనిమిదేళ్ల మా నాయన చెప్పులు విడిచి పరంజా ఎక్కాడు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని దాన్ని కిందికి దించారు. ఆరు కొక్కేల్లో ఐదు పట్టీ వదిలేసి ఉన్నాయి. ఆరోది సగం జారి, అంచు మీద ఉంది.

నూట ముప్పై ఆరింట్లో అట్లాంటిది అదొక్కటే. కింద బెంచీల కాళ్లు దిగబడిన గుర్తులు మట్టిలో ఇంకా ఉన్నాయి. బావ దిగి వచ్చి, సీసాలో నీళ్లు సగం తాగి, సగం నెత్తిన పోసుకున్నాడు. మళ్లీ పరంజా ఎక్కాడు.

జూన్ మూడో వారానికి గోడ మళ్లీ నిండింది. సందులు పన్నెండు మిల్లీమీటర్లు. చివరి రోజు మూడింటికి నాయనా నేనూ రోడ్డుకు అవతల గంటసేపు నిలబడ్డాం. ఎండ బాగానే ఉంది. ఏ చప్పుడూ రాలేదు. నాయన బీడీ వెలిగించుకుని, పండ్లెడం బానే ఉండాది అన్నాడు.

కానీ ఊళ్లో మాట వేరేగా నడిచింది. రేకుల సిరాజ్ కట్టిన గోడ మొత్తం విప్పి మళ్లీ బిగించాడట అన్నదే అందరికీ చేరింది, ఎందుకు విప్పాడన్నది చేరలేదు. మాట్లాడుకున్న రెండు పనులు వెనక్కి పోయాయి. మిషన్ మీద కప్పిన పట్ట తియ్యకుండా నాయన మళ్లీ కోళ్ల షెడ్లకు రేకులు చెయ్యడం మొదలుపెట్టాడు. బావకు పాత కంపెనీ నుంచి వీసా వచ్చింది. రెండేళ్లకు. జూన్ ఆఖరున బస్టాండుకు నాయనతో పాటు నేనూ పోయాను. బస్సు కదిలేముందు బావ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నా తల మీద ఉంచాడు.

"ఆ ఐదు కొక్కేల సంగతి మీ అక్కకు నేను చెప్పలేదమ్మీ. చెప్తే అది నిద్రపోదు. నువ్వూ చెప్పొద్దు" అన్నాడు.

సరేనన్నాను. అంటే అక్క దృష్టిలో ఆ గోడ పడలేదు, పడేదీ కాదు. నేను నోరు తెరవబట్టే ఆమె ఇంట్లో మనిషి పోయాడు. దానికి బదులు చెప్పే మాట నా దగ్గర ఉంది, వాడకూడదు.

అక్క నాతో పోట్లాడలేదు. మాట్లాడలేదంతే. అన్నానికి పిలవాలంటే తన చిన్న కూతుర్ని పంపేది. నేను గదిలోకి పోతే ఏదో పని గుర్తుకొచ్చినట్టు లేచేది. కూనిరాగాలు ఆగిపోయాయి. అమ్మ ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతూ, నాకు ఒక మాట, అక్కకు ఒక మాట చెప్పి అలిసిపోయేది.

ఆగస్టు రెండో వారంలో రాధిక ఫోన్ చేసింది. ఆమెతో చదువుకున్న కంటి డాక్టరు ప్రొద్దుటూరులో క్లినిక్ పెడుతున్నాడు, ముందు గోడకు చిన్న ఎలివేషన్ కావాలి. ఎవరూ అడగకముందే తప్పు చెప్పుకుని విప్పేసినవాళ్లు వీళ్లే, వీళ్ల చేతనే చేయించుకో అని చెప్పానంది. ఆ రోజే కొలతలు ఇవ్వాలి, రేపు ఆ డాక్టరు ఊళ్లో ఉండడు. నాయన రేకులు వేసుకుని కలమల్ల పోయాడు. పనివాళ్లు కూడా ఆయనతోనే ఉన్నారు. పొడవాటి గోడ కొలవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అమ్మకు మోకాళ్ల నొప్పి. నేను టేపు సంచిలో వేసుకుని, అక్కడ ఎవరినైనా అడుగుదాంలే అనుకుంటూ వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నాను.

అక్క బురఖా వేసుకుని బయటికి వచ్చింది. నాకంటే ముందు గేటు తీసి, రోడ్డు మీద నిలబడి, నేను వచ్చేదాకా ఆగింది. దారంతా ఇద్దరం పక్కపక్కనే నడిచాం.

క్లినిక్ గోడ ఒక మూల టేపు కొస ఎట్లా పట్టుకోవాలో చూపించాను. బొటనవేలితో గోడకు అదిమి పట్టుకుంది. నేను టేపు లాక్కుంటూ రెండో మూలకు పోయి, బిగించి పట్టుకుని నిలబడ్డాను. మధ్యలో నలభై అడుగులు. అటు నుంచి కొస సరిగా పెట్టినట్టు చెబితేనే ఇటు అంకె చదవాలి. నేను అడగలేదు. చూస్తూ నిలబడ్డాను.

"పెట్టినా" అంది అక్క.

అంకె చదివి గట్టిగా చెప్పాను. రాసుకోవడానికి పెన్ను తీశాను.

"రాయొద్దు. మళ్లా చూడు" అంది అవతలి నుంచి.

మళ్లీ చూశాను. అదే అంకె. మళ్లీ గట్టిగా చెప్పాను. ఆమె తలూపాక రాసుకున్నాను.